ఆర్డర్ 11 పిటిషన్‌కి నోటీసు ఎవరికి ఇవ్వాలి? లాయరుకి ఇస్తే చాలా, ఇంటికే పంపాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. నాన్నగారు పోయాక అన్నయ్య మీద భాగపంపకాల దావా వేశారు. పట్టాదారు పాసుపుస్తకాలు, రైసు మిల్లు లెక్కల పుస్తకాలు, నాన్నగారు బతికుండగా రాసుకున్న ఒప్పందం కాగితం అన్నీ అన్నయ్య దగ్గరే ఉన్నాయి. వాటిని కోర్టుకి తెప్పించమని మీ లాయరుగారు ఆర్డర్ 11 కింద (సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో అవతలివాళ్ల దగ్గరున్న పత్రాలు రాబట్టే భాగం) ఐఏ, అంటే దావా మధ్యలో వేసే పిటిషన్, వేశారు. అన్నయ్య ఉండేది డాలస్‌లో. తెనాలి ఇంటికి పంపిన నోటీసు ‘డోర్ లాక్’ అని తిరిగొచ్చింది. మీరు వాట్సాప్‌లో పంపితే నీలం టిక్కులు పడ్డాయి. వాయిదా రోజున అవతలి లాయరు లేచి ‘మాకు నోటీసు అందలేదు’ అన్నారు, జడ్జిగారు మళ్ళీ నోటీసు ఇవ్వమన్నారు. ఇలా నాలుగు నెలలు గడిచాయి. ఇంత జరిగాక అన్నయ్య డిఫెన్స్ (దావాలో ఆయన ఎదురువాదన) కొట్టేయమని అడగొచ్చా, అసలు సరైన నోటీసు అంటే ఏమిటి అని అడిగారు.

సూటిగా జవాబు: అన్నయ్య తరఫున వకాల్తా వేసిన లాయరు ఉన్నారు కాబట్టి నోటీసు ఆ లాయరుకి ఇస్తే చాలు. తెనాలి ఇంటి తాళంతో మీకు పనే లేదు. వాట్సాప్ పక్కన పెట్టుకునే అదనపు సాక్ష్యం, దాని మీదే నిలబడొద్దు. డిఫెన్స్ కొట్టేయమని ఇప్పుడే అడిగితే మాత్రం పిటిషన్ డిస్మిస్ అవుతుంది. ఎందుకంటే మీ అన్నయ్య ఇంతవరకు ఏ ఆర్డరూ ధిక్కరించలేదు. ఆర్డరే రాలేదు కదా.

సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 3 రూల్ 5 చదవండి. పార్టీ తరఫున నియమితుడైన ప్లీడరుకి ఇచ్చిన నోటీసు, లేదా ఆయన ఆఫీసులో గానీ ఇంట్లో గానీ వదిలిన నోటీసు పార్టీకి తెలిసినట్టే భావించాలి, కోర్టు వేరుగా చెబితే తప్ప పార్టీ చేతికిచ్చిన దానితో సమానం అని ఉంటుంది. మన సివిల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్ (కింది కోర్టులు పాటించే నియమాలు) కూడా దీనికి తగ్గట్టే ఉన్నాయి. ఐఏ హియరింగుకి కనీసం మూడు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, పార్టీకి అడ్వకేట్ ఉంటే ఆ అడ్వకేటుకే ఇవ్వాలి.

మరి మీ లాయరుగారు ఇంటికి ఎందుకు పంపారు? బహుశా అలవాటు కొద్దీ. ఐఏకి నంబరు పడగానే ‘నోటీసు’ అని డాకెట్‌లో (కోర్టు వాయిదాల నమోదులో) రాస్తారు, గుమాస్తా బ్యాటా (నోటీసు పంపే ఖర్చు) కట్టేస్తాడు, కవరు మీద దావాలో ఉన్న అడ్రసు రాసేస్తాడు. తప్పు పట్టడం లేదు. నా ఆఫీసులో కూడా ఇది చాలాసార్లు జరిగింది.

ఇక ‘మాకు అందలేదు’ అన్న మాట గురించి. ఆ మాట అన్న మనిషి కోర్టు హాల్లో మీ లాయరుగారికి నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నారు. అలాంటప్పుడు నేను చేసే పని ఇదొక్కటే. ఐఏ, అఫిడవిట్, జాబితా కలిపి కుట్టిన సెట్టు ఒకటి ఎప్పుడూ ఫైల్లో అదనంగా ఉంచుకుంటాను. ‘అయ్యా, ఇప్పుడే ఇస్తున్నాను’ అని అక్కడికక్కడే చేతికిస్తాను. నా దగ్గరుండే కాపీ మీద ‘కాపీ ముట్టింది’ అని రాయించి, పేరు, సంతకం, తేదీ, టైము వేయించుకుంటాను. ‘ఓపెన్ కోర్టులో కాపీ ఇచ్చారు, కౌంటరుకి (ఎదురు జవాబుకి) ఫలానా తేదీ’ అని డాకెట్‌లో రాయమని జడ్జిగారిని అడుగుతాను. ఇంత చెయ్యడానికి మూడు నిమిషాలు పడుతుంది. మళ్ళీ నోటీసు, మళ్ళీ బ్యాటా, మళ్ళీ ప్రాసెస్ సర్వర్ (నోటీసు అందించే కోర్టు మనిషి) అని తిరిగితే రెండు నెలలు పోతాయి.

కాపీ తీసుకోనంటే? కొందరు అంటారు కూడా, ‘క్లయింటు ఫైలు వెనక్కి తీసుకున్నాడండీ, నాకు ఇన్‌స్ట్రక్షన్స్ లేవు’ అని. ఆర్డర్ 3 రూల్ 4 ప్రకారం వకాల్తా ఒకసారి వేశాక కోర్టు అనుమతితో రాతపూర్వకంగా రద్దయ్యే వరకు, లేదా క్లయింటో లాయరో చనిపోయే వరకు, లేదా ఆ కేసు పూర్తయ్యే వరకు అమల్లోనే ఉంటుంది. బార్ రూములో నోటిమాటగా చెప్పినంత మాత్రాన వకాల్తా పోదు. అలాంటి సందర్భంలో అదే రోజు సాయంత్రం ఆ లాయరుగారి ఆఫీసు అడ్రసుకి పోస్టులో పంపించండి. 2025లో తపాలా శాఖ రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది కాబట్టి ఇప్పుడు దిక్కు స్పీడ్ పోస్టే. డెలివరీ రుజువు కావాలని కౌంటర్లో అడిగి తీసుకోండి. రసీదు, ట్రాకింగ్ పేజీ ప్రింటు జత చేసి కోర్టులో మెమో (విషయం తెలిపే చిన్న కాగితం) వేయించండి. ట్రాకింగ్ వివరాలు ఆన్‌లైన్లో ఎప్పటికీ ఉండవు, అందిన వారంలోనే ప్రింటు తీసి పెట్టుకోండి. రసీదు అయితే ఆ రోజే జెరాక్స్ తీయాలి. ఆ కాగితం మీద అచ్చు కొన్నాళ్లకి వెలిసిపోతుంది.

సంతకం కింద తేదీ గురించి ఇంత పట్టుదలగా ఎందుకు చెబుతున్నానంటే, దాని వల్ల నేను దెబ్బతిన్నాను. ప్రాక్టీసులోకి వచ్చిన కొత్తల్లో, భాగస్తుల మధ్య ఒక వ్యాపార లెక్కల దావా. మేము వాది తరఫున. పత్రాల వెల్లడికి ఆర్డర్ తెచ్చుకున్నాం, అవతలివాళ్లు పుస్తకాలు ఇవ్వలేదు. అలా ఆర్డరు పాటించనివాళ్ల మీద వాడే ఆర్డర్ 11 రూల్ 21 కింద పిటిషన్ వేసి డిఫెన్స్ కొట్టేయించాం. ఇరవై ఏడేళ్ల వయసు నాకు, ఆ సాయంత్రం మా సీనియర్ గారు స్వీట్లు తెప్పించారు. రూల్ 21 ఆర్డరు మీద ఆర్డర్ 43 రూల్ 1 ప్రకారం అప్పీలుంటుంది. వాళ్లు జిల్లా కోర్టుకి వెళ్లారు. అక్కడ జడ్జిగారు మా నోటీసు కాపీ తిప్పి చూసి, ‘ఈ సంతకం ఎవరిది?’ అన్నారు. అవతలి లాయరుగారి గుమాస్తాది అన్నాను. ‘ఎప్పుడు తీసుకున్నాడు?’ సంతకం ఉంది, తేదీ లేదు. వాయిదా అయిపోయాక తన గుమాస్తా చేతిలో పెట్టారని అవతలి లాయరుగారు అన్నారు. కాదని చెప్పడానికి నా దగ్గర ఒక్క ముక్క కాగితం లేదు. ఆర్డరు రద్దయింది, కేసు కింది కోర్టుకి తిరిగొచ్చింది. రెండున్నరేళ్లు పోయాయి. ఆ క్లయింటు నన్ను ఏమీ అనలేదు, అదే ఇప్పటికీ గుర్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఒక నోటీసు ఇచ్చేస్తే కేసు చివరి దాకా అదే సరిపోతుందనుకుంటారు. డిస్కవరీలో (పత్రాల వెల్లడిలో) నోటీసు మూడుసార్లు, మూడు వేరువేరు కాగితాల మీద నడుస్తుంది. పిటిషన్ వేసినప్పుడు అవతలివాళ్లకి తెలియాలి, వాళ్లు కౌంటరు వేసుకోవాలి. పిటిషన్ అలౌ అయ్యాక, ‘ఇన్ని రోజుల్లో ఈ పత్రాల మీద అఫిడవిట్ దాఖలు చెయ్యి’ అన్న ఆర్డరు తెలియాలి. అయినా చెయ్యకపోతే మీరు రూల్ 21 కింద వేసే కొత్త పిటిషన్‌కి మళ్ళీ విడిగా నోటీసు ఇవ్వాలి. చివరిది నేను కల్పించి చెబుతున్నది కాదు. 1976 సవరణలో ఆ రూల్లోనే రాశారు, పార్టీలకి నోటీసిచ్చి, చెప్పుకోవడానికి తగిన అవకాశమిచ్చాకే ఆర్డరు వెయ్యాలని.

మధ్యలోదే ఎక్కువగా జారిపోతుంది. ఆర్డరు ఓపెన్ కోర్టులో చెప్పారు కదా, అవతలి లాయరు ఉన్నారు కదా అని వదిలేస్తాం. ఆ రోజు ఆయన ఉన్నారని డాకెట్‌లో లేకపోతే? ఆయన జూనియర్ ‘సర్ వేరే కోర్టులో ఉన్నారు’ అని పాసోవర్ (కాసేపాగి పిలవమని) అడిగి వెళ్లిపోయి ఉంటే? అందుకే ఆర్డరు కాపీకి ఆ రోజే దరఖాస్తు పెట్టించండి. కాపీ రాగానే ఒక చిన్న కవరింగ్ లెటరుతో అవతలి లాయరుకి ఇవ్వండి: ఫలానా తేదీ ఆర్డరు, గడువు ఫలానా తేదీతో ముగుస్తుంది, పుస్తకాలు ఫలానావి. మర్యాదగా రాయండి. ఆ ఉత్తరం తర్వాత రూల్ 21 పిటిషన్‌కి అనుబంధంగా వేస్తారు, అప్పుడు జడ్జిగారు చదువుతారు. అందులో మీ అన్నయ్యని తిట్టి ఉంటే చదివేది ఆ తిట్లే.

ఇంత తతంగం దేనికి అంటారా? డిఫెన్స్ కొట్టేయడం చాలా పెద్ద శిక్ష. బబ్బర్ సూయింగ్ మెషీన్ కేసులో (1978) సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. కావాలని, మొండికేసి ఆర్డరు ధిక్కరించినప్పుడు, వేరే దారి లేనప్పుడు మాత్రమే రూల్ 21 వాడాలి అంది. ‘కావాలని’ అన్నది రుజువు కావాలంటే ముందు ‘తెలిసి’ అన్నది రుజువు కావాలి. ఆ రుజువు మీ నోటీసు కాగితాల్లోనే ఉంటుంది. వాదనతో వచ్చేది కాదు.

ఇంకో మెలిక కూడా ఉంది, మీ లాయరుగారితో మాట్లాడండి. రూల్ 21లో ఇంటరాగేటరీలకు (రాతపూర్వక ప్రశ్నలకు) జవాబు, డిస్కవరీ, ఇన్‌స్పెక్షన్ (పత్రాలు చూడనివ్వడం) అని మూడే పేర్లున్నాయి. ఆర్డర్ 11 రూల్ 14 కింద ‘ప్రొడక్షన్’ (పత్రం కోర్టుకి తెమ్మనే) ఆర్డరు పేరు విడిగా లేదు. అవతలి లాయరు గట్టివాడైతే దీని మీద గంటసేపు వాదిస్తాడు. మీ ఐఏ ఒక్క రూల్ 14 కిందే వేసి ఉంటే, రూల్ 12 కింద ప్రమాణపూర్వకంగా పత్రాల జాబితా వెల్లడి కూడా అడగడం మంచిది. అయినా తేకపోతే, పత్రం దాచినవాడికి వ్యతిరేకంగా ఊహించవచ్చన్న సాక్ష్య చట్టం సూత్రం ఎలాగూ ఉంది. పాత చట్టంలో సెక్షన్ 114 ఉదాహరణ (జి), ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో సెక్షన్ 119.

ఈ రూల్ 21 కత్తి రెండు వైపులా తెగుతుంది, అది మర్చిపోకండి. అన్నయ్య కూడా మీ మీద డిస్కవరీ అడగొచ్చు. వాది ఆర్డరు పాటించకపోతే దావా డిస్మిస్ అవుతుంది, అదే కారణం మీద మళ్ళీ దావా వెయ్యడానికి వీలుండదు. మీ బీరువాలో ఉన్న కాగితాలన్నీ ముందే మీ లాయరుకి చూపించండి, మీకు నచ్చనివి కూడా.

ఇక వాట్సాప్. 2018లో బాంబే హైకోర్టు ఒక ఎగ్జిక్యూషన్ (డిక్రీ అమలు) విషయంలో వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ చేరిందని, తెరిచి చూశారని టిక్కుల్ని బట్టి ఒప్పుకుంది. 2020 జూలైలో కరోనా సమయంలో సుప్రీంకోర్టు ఈమెయిలుతో పాటు వాట్సాప్ లాంటి వాటిలోనూ నోటీసులు పంపుకోవచ్చంది. ఈ రెండూ చూపించి ‘వాట్సాప్ సర్వీసు చట్టబద్ధం’ అని వీడియోలు చేస్తున్నారు. కింది కోర్టుల్లో పరిస్థితి అలా లేదు. కోడ్‌లో ఆర్డర్ 48 రూల్ 2 ప్రకారం నోటీసులు సమన్లు అందించే పద్ధతిలోనే అందించాలి. ఆ పద్ధతి ఆర్డర్ 5లో ఉంది: కోర్టు మనిషి ద్వారా, పోస్టు, కొరియర్, ఫ్యాక్స్, ఈమెయిల్. వాట్సాప్ పేరు అందులో లేదు. నేను పంపిస్తాను, స్క్రీన్‌షాట్‌కి ఎలక్ట్రానిక్ రికార్డు సర్టిఫికెట్ కూడా జత చేస్తాను, కానీ మెమోలో దాన్ని రెండో పేరాలో రాస్తాను. మొదటి పేరాలో లాయరు సంతకం ఉండాలి.

మరో మాట. వాట్సాప్‌లో నోటీసుతో పాటు మీరు ‘ఇప్పటికైనా బుద్ధి తెచ్చుకో అన్నయ్యా’ లాంటివి రాసి ఉంటే, స్క్రీన్‌షాట్‌లో అవి కూడా ఎగ్జిబిట్ (కోర్టు రికార్డులో సాక్ష్యం) అవుతాయి.

‘డోర్ లాక్’ రిటర్న్ సంగతి. మీకు ఇప్పుడు అక్కర్లేదన్నాను కానీ, ఇది చదివేవాళ్లలో అవతలి పక్క లాయరు లేనివాళ్లు ఉంటారు. తాళం వేసి ఉందని ఒకసారి రాసి తెచ్చేస్తే అది సర్వీసు కాదు. ఆర్డర్ 5 రూల్ 17 కింద ప్రాసెస్ సర్వర్ తగినంత ప్రయత్నం చెయ్యాలి, మనిషి దొరకకపోతే బయటి తలుపుకి కాపీ అంటించాలి, ఆ ఇల్లు ఎవరు చూపించారో, ఎవరి ఎదుట అంటించాడో పేరు, అడ్రసుతో సహా రాయాలి. మా దగ్గర ఒకసారి ఏమైందంటే, ఊళ్లో ఇంటి నంబర్లు మార్చారు. ప్రాసెస్ సర్వర్ పాత నంబరు పట్టుకుని వెళ్లి, తాళం వేసి ఉన్న వేరే వాళ్ల తలుపుకి అంటించి వచ్చాడు. సాక్షిగా టీ కొట్టు అబ్బాయి సంతకం పెట్టాడు. ఎక్స్‌పార్టీ డిక్రీ (అవతలివాళ్లు రాకుండానే ఇచ్చే తీర్పు) దాకా వెళ్లి, ఆ ఒక్క కారణం మీద మొత్తం వెనక్కి వచ్చింది. అందుకే మా గుమాస్తాకి చెబుతాను, ప్రాసెస్ సర్వర్ వెంట మన మనిషి ఒకడు వెళ్లి ఇల్లు చూపించాలని. ఇంట్లో పనిమనిషికిచ్చినా చెల్లదు. ఆర్డర్ 5 రూల్ 15 ప్రకారం కుటుంబంలో మేజరైనవాళ్లకి ఇవ్వొచ్చు గానీ, పనివాళ్లు కుటుంబ సభ్యులు కారని అక్కడే స్పష్టంగా ఉంది.

అన్నయ్య డాలస్‌లో ఉన్నారు కదా, విదేశీ సర్వీసు (అక్కడికే నోటీసు అందించడం) కావాలని మీకు ఎవరో చెప్పినట్టున్నారు. వద్దు. దావా సమన్లు అందక ముందు అయితే ఆర్డర్ 5 రూల్ 25, హేగ్ సర్వీస్ కన్వెన్షన్ (వేరే దేశంలో కోర్టు కాగితాలు అందించే అంతర్జాతీయ ఒప్పందం) ఇవన్నీ వస్తాయి. ఆయన జీపీఏ ద్వారానో స్వయంగానో వకాల్తా వేశాక తెనాలిలో ఉన్న లాయరే ఆయన అడ్రసు. పత్రాల అఫిడవిట్ మాత్రం ఆయనే ప్రమాణం చెయ్యాలి, దానికి ఇండియన్ కాన్సులేట్‌కి వెళ్లాల్సి రావచ్చు, ఆ పేరుతో టైము అడుగుతారు. మొదటిసారి అడిగితే అభ్యంతరం చెప్పకండి. రెండోసారి అడిగితే అపాయింట్‌మెంట్ స్లిప్ చూపించమనండి.

మీ అన్నయ్య ఫోన్లో ‘డిస్కవరీ అంటే లాయరు లాయరుకి పంపుకోవాలి, కోర్టు దాకా ఎందుకు’ అన్నాడని రాశారు. ఆయన చెప్పింది అమెరికా పద్ధతి, అక్కడికి అది నిజమే. ఫెడరల్ కోర్టుల్లో పత్రాల డిమాండు లాయర్ల మధ్యే నడుస్తుంది. ఇవ్వకపోతే అక్కడి రూల్ 37 కింద మోషన్ (పిటిషన్) వేస్తారు, అంతకు ముందు మాట్లాడుకుని తేల్చుకోవడానికి నిజాయితీగా ప్రయత్నించామని రాసివ్వాలి. హియరింగుకి మామూలుగా 14 రోజుల ముందు మోషన్ అందాలి. తమాషా ఏమిటంటే, అక్కడా రూల్ 5 ప్రకారం లాయరున్న పార్టీకి నోటీసు లాయరుకే ఇవ్వాలి. ఈ ముక్క ఆయన మీకు చెప్పి ఉండడు.

నిజానికి మన కోడ్‌లో కూడా కోర్టు దాకా వెళ్లక్కర్లేని దారి ఒకటుంది, మనవాళ్లు వాడరు. అవతలివాళ్లు తమ జవాబుదావాలో గానీ అఫిడవిట్‌లో గానీ, జాబితాలో గానీ ఏదైనా పత్రం గురించి రాసి ఉంటే, ఆర్డర్ 11 రూల్ 15 కింద నేరుగా నోటీసు ఇవ్వొచ్చు. పిటిషన్ అక్కర్లేదు. ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన వివాదాంశాలు) ఫ్రేమ్ చేసే లోపు, లేదా ఆ రోజున, కోడ్ అనుబంధం ‘సి’ లోని ఫారం 7 నమూనాలో లాయరుకి ఇవ్వాలి. అందిన పది రోజుల్లో వాళ్లు, పత్రాలు ఎప్పుడు చూసుకోవచ్చో చెప్పాలి. ఆ టైము వాళ్ల జవాబు అందిన మూడు రోజుల లోపే ఉండాలి. చూపించకపోతే, తగిన కారణం చెప్పి కోర్టుని ఒప్పిస్తే తప్ప ఆ పత్రాన్ని తర్వాత తమ తరఫున సాక్ష్యంలో పెట్టుకోలేరు. మీ అన్నయ్య జవాబుదావాలో ‘నాన్నగారు రాసిన ఒప్పందం ప్రకారం మిల్లు నాదే’ అని ఉంటే ఈ నోటీసు ఈ వారమే వెళ్లాలి. మీ కేసులో ఇష్యూలు అయిపోయాయో లేదో ఈ-కోర్ట్స్ యాప్‌లో చూసుకోండి.

ఆ ఒప్పందం జెరాక్స్ మీ దగ్గరుంటే మరో నోటీసు కూడా కావాలి. అసలు అవతలివాళ్ల దగ్గరుంది, నోటీసిచ్చినా తేలేదు అని చూపిస్తేనే జెరాక్స్‌ని ద్వితీయ సాక్ష్యంగా లోపలికి రానిస్తారు. 2024 జూలై 1కి ముందు వేసిన దావాకి పాత సాక్ష్య చట్టం సెక్షన్లు 65, 66. ఆ తర్వాతదైతే కొత్త చట్టంలో 60, 64. ఈ నోటీసు ఆర్డర్ 12 రూల్ 8 కింద ఫారం 12లో ఇస్తారు. ఇక్కడ చట్టం మనకి ఒక సౌకర్యం ఇచ్చింది. నోటీసు ఎప్పుడు ఇచ్చామో చెబుతూ లాయరు గానీ గుమాస్తా గానీ ఒక అఫిడవిట్ వేస్తే, నోటీసు కాపీ జత చేస్తే, అదే సర్వీసుకి చాలినంత రుజువు.

పాసుపుస్తకాల మాట వదిలేయండి. అడంగల్, 1బి (భూమి రికార్డులు) మీభూమి వెబ్‌సైట్‌లో మీరే తీసుకోవచ్చు, రిజిస్టర్డ్ దస్తావేజుల సర్టిఫైడ్ కాపీలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దొరుకుతాయి. బయట దొరికేవాటిని ఐఏలో పెడితే ‘ఇది కాలయాపన’ అని కౌంటరు వేస్తారు, అసలు కావాల్సిన మిల్లు లెక్కలు కూడా ఆ మాట కింద నలిగిపోతాయి. బ్యాంకు స్టేట్‌మెంట్లు కావాలంటే బ్యాంకు మీ దావాలో పార్టీ కాదు, ఆర్డర్ 11 దాని మీద పని చెయ్యదు. ఆర్డర్ 16 కింద బ్యాంకుకి సమన్లు తీసుకోవాలి.

మీ దావాలో అన్నయ్య ఒక్కరే ప్రతివాదా? ఇద్దరు అక్కలు కూడా ఉన్నారని మీ ప్రశ్న చివర్లో ఉంది. వాళ్లకీ ఐఏ కాపీ ఇవ్వాలి, వాళ్ల దగ్గర కాగితాలేమీ అడగకపోయినా. సమన్లు అంది కోర్టుకి రాకుండా ఎక్స్‌పార్టీ అయిన వాళ్లకి, కోర్టు ప్రత్యేకంగా చెబితే తప్ప, మామూలుగా ఐఏ నోటీసు అక్కర్లేదు. కానీ ఎక్స్‌పార్టీ అయిన మనిషి దగ్గరే పత్రాలు ఉన్నాయంటే, నేనైతే ఆ మనిషికి విడిగా నోటీసు అందించకుండా ముందుకు వెళ్లను.

మిల్లు మీద విడిగా భాగస్వామ్య దావా కూడా వేస్తున్నామన్నారు. విలువ మూడు లక్షలు గానీ అంతకు మించి గానీ ఉండి అది కమర్షియల్ కోర్టులో పడితే అక్కడి ఆర్డర్ 11 వేరు. దావాతోనే మీ దగ్గరున్న పత్రాలన్నీ ప్రమాణపూర్వకంగా పెట్టేయాలి, జవాబుదావా పడ్డ 30 రోజుల్లో ఇన్‌స్పెక్షన్ పూర్తి చేసుకోవాలి, పత్రం తెమ్మన్న నోటీసుకి ఏడు రోజులకు తక్కువ కాకుండా, పదిహేను రోజులకు మించకుండా గడువు ఇవ్వాలి. ఇక్కడి నిదానం అక్కడ పనికిరాదు.

ఆఖరుగా మిల్లు పుస్తకాల గురించి. రోజూ వాడుకలో ఉన్న లెక్కల పుస్తకాలైతే కోర్టుకో లాయరు ఆఫీసుకో తేనక్కర్లేదు, మామూలుగా ఉండే చోటే చూపిస్తామని చెప్పే హక్కు ఆర్డర్ 11 రూల్ 17లో వాళ్లకుంది. అంటే మీరు మిల్లుకి వెళ్లాలి. వెళ్లేటప్పుడు ఏయే సంవత్సరాల పుస్తకాలు చూపించారో, ఏవి లేవన్నారో అక్కడే కాగితం మీద రాసి రెండు పక్కలా సంతకాలు తీసుకోండి. లెక్కలు తెలిసిన పెద్దమనిషిని ఎవరినైనా వెంట తీసుకెళ్లండి. నేను ఒకసారి ఒక్కణ్నే వెళ్లాను. పాత గుమాస్తా గొలుసుకట్టు రాతలో రాసిన చిట్టా ముందు పొద్దుటి నుంచి మూడింటి దాకా కూర్చుని, ‘ధాన్యం జమ’ అన్న రెండు మాటలు తప్ప ఏమీ చదవలేక, వాళ్లిచ్చిన మజ్జిగ తాగి తిరిగొచ్చాను. రెండోసారి ఇన్‌స్పెక్షన్‌కి మళ్ళీ నోటీసు ఇవ్వాల్సి వచ్చింది.